నలుగు పాటలో నా అరుపు

కోలారు బంగారు గనులు మూతబడి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. రాబర్ట్‌సన్‌పేట బజారులో ఒక మందుల అంగడి పైన నా ఎడిటింగ్ గది ఉండేది, ఇప్పటికీ అక్కడే ఉంది. ఎడిటింగ్ అంటే, పెళ్ళిలో తీసిన గంటల కొద్దీ వీడియోను కోసి, అతికించి, మీద సినిమా పాటలు పరిచి, చుట్టాలు చూడగలిగేంత పొడవుకు దించడం. మా నాన్న గనుల ఆఫీసులో గుమాస్తా. ఆయన తోటివాళ్ళ పిల్లలందరూ తెల్లారకముందే బెంగళూరు రైలెక్కి ఉద్యోగాలకు పోతుంటే నేను కెమెరా పట్టుకుని ఊళ్ళోనే ఉండిపోయాను. నా స్వభావం ఒకచోట కూర్చునేది కాదు. అలాంటివాణ్ణి తెచ్చి ఈ కుర్చీలో కట్టేసింది ఈ పని.

ఆ ఏడు మార్గశిరంలో నాకు ఒక ఈమెయిల్ వచ్చింది. నేను ఏళ్ళ తరబడి వాడుతున్న ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళు రాశారు. శబ్దాన్ని శుభ్రం చేసే పాత టూల్‌కు తాము గౌరవంగా విశ్రాంతి ఇస్తున్నారట. దాని స్థానంలో కొత్తది వస్తుందట, ఒక్క బటన్ నొక్కితే చాలట. నా లైసెన్సు గడువు తీరే రోజున కొత్త వెర్షన్ దానంతటదే వచ్చి కూర్చుంటుంది, ఆ తరువాత పాత టూల్ ఇక తెరుచుకోదు. చదివినకొద్దీ నాకు కోపం పెరిగింది. రిటైర్మెంటు సంగతి మా ఊరివాళ్ళకు ఒకరు చెప్పాలా? ఊరు మొత్తాన్ని ఒకే రోజు ఇంటికి పంపినప్పుడు కూడా ఇలాంటి మర్యాద మాటలే రాశారు.

ఆ టూల్ గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే నా గోల మీకు అర్థం కాదు. పెళ్ళి మంటపంలో మైకుకు అన్నీ వినిపిస్తాయి. పంతులు మంత్రం, వంటవాళ్ళ మిక్సీ, బయట జనరేటరు. జనరేటరు మోత ఒక్కటే వినబడే చోటు ఏదైనా రెండు క్షణాలు దొరికితే, ఆ ముక్కను చూపించి, ఇదీ చెత్త అని ఆ టూల్‌కు నేర్పవచ్చు. దాన్ని మేము నాయిస్ ప్రింట్ అంటాం, చెత్తకు వేలిముద్ర తీసుకున్నట్టు. ఆ తరువాత రికార్డింగ్ అంతటా ఆ ముద్ర ఉన్న శబ్దాన్ని టూల్ తగ్గిస్తుంది. ఏది చెత్తో చెప్పేది మనం, తీసేది అది.

అందులో ఒక మూల చిన్న గడి ఉండేది. దాంట్లో టిక్ పెడితే, మనం తీసేస్తున్న శబ్దం మాత్రమే విడిగా వినిపిస్తుంది. నాకు ప్రాణం ఆ గడి. మా అమ్మ బియ్యం చెరిగేటప్పుడు చేట కింద పడ్డ నూకను ఒకసారి చేత్తో కెలికి, అందులో మంచి గింజ పోతోందేమో చూసుకునేది. నేనూ అంతే, పారేసే ముందు ఒకసారి విని పారేస్తాను. కొత్త టూల్‌లో ఆ గడి లేదు. ఏది చెత్తో అదే నిర్ణయించుకుంటుంది, ఏం పారేసిందో చెప్పదు.

మా జిల్లా ఎడిటర్లకు ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. అందరం కలిసి కంపెనీకి అభ్యంతరం రాద్దామని నేనే మొదలుపెట్టాను. ముళబాగిలు నుంచి ఒకరు కన్నడంలో, బంగారుపేట నుంచి ఒకరు తమిళంలో, నేను తెలుగులో మా బాధలు రాసుకుని, ఎవరి పిల్లల చేతనో ఇంగ్లీషు చేయించి పంపాము. మాలూరు చంద్రు ఒక్కడే చేరలేదు. మాలూరులో స్టూడియో వాడిది, ఇరవై ఏళ్ళ స్నేహం మాది. వాడు ఫోన్ చేసి నవ్వాడు. "ఏమప్పా మూర్తీ, బటన్ నొక్కితే అయ్యే పనికి గంటసేపు కూర్చునేది నీకు అంత ఇష్టమా? పెండ్లి వీడియోలో సౌండు ఎవరు వింటారప్పా? పైన పాట ఏసేస్తాము కదా" అన్నాడు.

వాడన్నదాంట్లో తప్పేముంది? నేనూ వేసేవాణ్ణే. నాకు ఆ మాట గుచ్చుకుంది కాబట్టి ఇంకా గట్టిగా పోట్లాడాను. కంపెనీ నుంచి జవాబు వచ్చింది. మీ అభిమానానికి కృతజ్ఞతలు, ఆ టూల్ వాడేవాళ్ళు చాలా తక్కువ, కొత్తది మీకు తప్పక నచ్చుతుంది అని. గది గుమ్మం దగ్గర నుంచి కిటికీకి, కిటికీ నుంచి గుమ్మానికి తిరిగాను. కిటికీలోంచి సైనైడ్ దిబ్బలు, బంగారం తీశాక గనులవాళ్ళు పోసిన మట్టి గుట్టలు, కనిపిస్తాయి. గాలి వేస్తే ఆ దుమ్ము వచ్చి కీబోర్డు మీద పడుతుంది. తుడుచుకుని మళ్ళీ కూర్చున్నాను.

లైసెన్సు గడువుకు సరిగ్గా తొమ్మిది రోజులుందనగా నందిని వచ్చింది. బజారులో గుడ్డల అంగడి శెట్లు ఉన్నారు, వాళ్ళ మనుమరాలు. బెంగళూరులో ఉద్యోగం. ఆనాటికి పదకొండో రోజున ఇంట్లో నలుగు, ఆ మరునాడు పెళ్ళి. వీడియో పని నాకే ఇచ్చారు. పెళ్ళి సంగతి మాట్లాడడానికి వచ్చిందనుకున్నాను. ఆ పిల్ల కుర్చీలో కూర్చోకుండానే అడిగింది.

"అన్నా, మా మేనత్త పెండ్లికి, మా చిన్నాయన పెండ్లికి మీరే కదా వీడియో తీసింది. దాంట్లో మా అవ్వ పాడిన నలుగు పాట ఉంటాది. అది నాకు కావాల."

వాళ్ళ అవ్వ పద్మమ్మగారిని ఎరగనివాళ్ళు మా బజారులో లేరు. పాటల పద్మమ్మ అనేవాళ్ళు. ఎవరి ఇంట్లో నలుగు పెట్టినా పిలుపు ముందు ఆమెకే వెళ్ళేది. పెళ్ళికొడుకునూ పెళ్ళికూతురినీ పీటల మీద కూర్చోబెట్టి ఆడవాళ్ళు పసుపు, నలుగుపిండి పూస్తుంటే ఆమె పక్కన కూర్చుని తాళం వేస్తూ పాడేది. వియ్యాలవారిని ఆటపట్టించే పాట అది. "అద్దంలో సూసుకో అల్లుడా, నీ ముక్కు ఎవరి ముక్కో సెప్పరా" అని మొదలయ్యేది. మొదటి చరణంలో ముక్కు, రెండో దాంట్లో చెవి, అలా పెళ్ళికొడుకు మొహమంతా అతని తరఫు చుట్టాలకు పంచిపెట్టేస్తుంది. రెండేళ్ళ కిందట ఆమెకు గొంతులో క్యాన్సరు వచ్చింది. బెంగళూరులో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మనిషి బతికింది, మాట పోయింది. మెడ దగ్గర చిన్న రంధ్రం, దానికి అడ్డంగా ఒక తెల్లటి గుడ్డ. చెప్పాల్సింది పలక మీద రాస్తుంది.

నందిని ఇంకా చెప్పింది. ఆ పాటకు ఐదు చరణాలు. ఐదో చరణంలో ఎగతాళి ఉండదు, అది పెళ్ళికూతురి కోసం. అక్కడ పాట మెట్టు కూడా మారిపోతుందట. మాటలన్నీ అవ్వ ఎప్పుడో రాసిచ్చింది, కానీ మెట్టు రాసివ్వడానికి ఎవరికి వస్తుంది? ఆమెతో కలిసి పాడిన తోడికోడళ్ళు ఇద్దరూ పోయారు. "నా నలుగుకు అవ్వ పక్కన కూర్చొని ఉంటాది, పాట ఉండదు. ఇంట్లో అందరూ సినిమా పాటలు పెడదామంటా ఉండారు. అవ్వ సరే అని తల ఊపింది, కానీ పొద్దున్నించి పలక ముట్టలేదన్నా" అంది.

ఉంటుంది లేమ్మా, చూస్తాను అన్నాను. ఆ పిల్ల మెట్లు దిగి పోయాక గానీ భయం వేయలేదు.

ఎందుకంటే మా పనిలో ఒక అలవాటు ఉంది. ఇచ్చే వీడియోలో మంగళవాద్యం తప్ప మిగతా అసలు శబ్దాన్ని మూసేసి, పైన సినిమా పాట వేసేస్తాం. నలుగుకు ఫలానా పాట, అప్పగింతలకు ఫలానా పాట అని ముందే పెట్టుకుని ఉంటాం. పద్మమ్మగారు పాడిన ప్రతి నలుగునూ నేను అలాగే మూసేశాను. అసలు ఫుటేజ్‌ను, అంటే కెమెరా తీసింది తీసినట్టుగా ఉన్నదాన్ని, ఆల్బమ్ ఇచ్చేశాక చెరిపేస్తాం. ఒక పెళ్ళి మీద ఇంకో పెళ్ళి ఎక్కిస్తాం. నందిని అడిగిన రెండు పెళ్ళిళ్ళూ ఎప్పుడో పోయాయి.

అలమరలోని పాత హార్డ్ డిస్కులన్నీ నేల మీద పోసుకున్నాను. రెండు రోజులు వాటితోనే సరిపోయింది. ఆల్బమ్‌కు ఏ ఫోటోలు వేయాలో తేల్చకుండా నాన్చేవాళ్ళు కొందరు ఉంటారు. ఇద్దరు పిల్లలు పుట్టినా ఆల్బమ్ ఖాయం కాదు. అలాంటి మూడు కుటుంబాల పుణ్యాన మూడు పెళ్ళిళ్ళ అసలు ఫుటేజ్ మిగిలింది. మూడింటిలోనూ పద్మమ్మగారు ఉన్నారు. ఇన్నాళ్ళూ ఆ మూడిళ్ళవాళ్ళను నేను తిట్టని తిట్టు లేదు. ఆ రోజు మనసులోనే దండం పెట్టుకున్నాను.

మొదటి పెళ్ళి తెరిచాను. జనరేటరు మోత. దాని అడుగున, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఆమె గొంతు. ముక్కు అయింది, చెవి అయింది, మూడో చరణం అయింది, నాలుగోది సగంలో ఉండగా మైకు పక్కనే ఒక మగ గొంతు పెద్దగా అరిచింది.

"అమ్మా, పాట నిలిపేయండమ్మా. పసుపు ఎండిపోతా ఉండాది. పాప ఇట్లా చూడమ్మా."

పాట ఆగిపోయింది. ఆ తరువాత ఫోటోలు తీసుకునే సందడి. ఆ అరిచింది నేనే.

ఇందులో తంటా ఏమిటో చెప్తాను. రెండు చెంపలకూ పసుపు పూశాక పెళ్ళికూతురి క్లోజప్ తీయాలి. తడిగా ఉన్నప్పుడు మెరుస్తుంది. ఆరితే బీటలు వారి, వీడియోలో మొహం పొక్కులు లేచిన గోడలా కనిపిస్తుంది. నాలుగో చరణానికి వచ్చేసరికి రెండు చెంపలూ అయిపోతాయి. అదే సమయం. పాటకు పెళ్ళికూతురు నవ్వుతుంది, తల వంచుతుంది, కెమెరాకు అందదు. అందుకని పాట ఆపిస్తాను. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు, వీడియో అన్న చెప్పినాడు అంటే శాస్త్రం చెప్పినట్టే లెక్క.

సరే, ఒకచోట అలా జరిగిందిలే అని గబగబా రెండో పెళ్ళి తెరిచాను. చెవి, మూడోది, నాలుగోది, మళ్ళీ నా గొంతు. మాట కూడా మారలేదు. మూడోది రేకుల పందిట్లో, వానలో తీసింది. ఆమె గొంతు మిగతా రెండింటికన్నా దగ్గరగా, హాయిగా ఉంది. ఈసారి పూర్తిగా వదిలేసి ఉంటానేమో అని కుర్చీ చివరికి జరిగి విన్నాను. నాలుగో చరణం చివరి మాట మీద అరిచాను. అంతే తేడా.

చాలాసేపు లేచి తిరుగుతూనే ఉన్నాను. ఎన్నో ఏళ్ళుగా, ఎన్నో పెళ్ళిళ్ళలో ఆ పాట పాడింది ఆమె. ఐదో చరణం నేను ఉన్నచోట ఒక్కసారి కూడా బయటికి రాలేదు. రికార్డింగ్‌లో లేనిదాన్ని ఏ టూల్ తెచ్చిస్తుంది? నాకు సిగ్గు వేసింది. ఆ సిగ్గును ఏం చేయాలో తెలియక పనిలో పడ్డాను. గడువుకు ఇంకా ఆరు రోజులు.

చంద్రు మాట ఒకసారి చూద్దామని, వాడి కంప్యూటర్‌లో వచ్చేసిన కొత్త టూల్‌కు వాన పెళ్ళి ముక్క పంపించాను. వాడు బటన్ నొక్కి తిప్పి పంపాడు. విన్నాను. వాన లేదు, నిజమే. పాటా లేదు. మనిషి మాట్లాడితే అది మాట, మిగతాదంతా చెత్త అని ఆ యంత్రానికి ఎవరో నేర్పినట్టున్నారు. పద్మమ్మగారు సాగదీసి పాడిన ప్రతి స్వరాన్నీ వానతో పాటు ఊడ్చేసింది. పందిట్లో వెనక వరుసలో ఇద్దరు ఆడవాళ్ళు గుసగుసలాడుకున్న మాటలను మాత్రం కడిగిన ముత్యంలా తెచ్చి ముందర పెట్టింది. "అల్లునికి ఇప్పుడే ముందర బట్టతల పడతా ఉండాది చూడు" అంటోంది ఒకావిడ. ఆ మాట ఆ పెళ్ళిలో పక్కనున్నావిడకు తప్ప ఎవరికీ వినిపించి ఉండదు.

చంద్రుకు వినిపించాను. వాడు ఇంకోసారి పెట్టమని విన్నాడు. తరువాత, "ఆ అభ్యంతరం లెటర్లో నా పేరు కూడా చేర్చప్పా" అన్నాడు. ఇంగ ఎవరికి పంపేది, జవాబు వచ్చేసింది కదా అన్నాను.

పాత టూల్‌తో నాలుగు రోజులు కూర్చున్నాను. రేకుల మీది వానకు ఒకే ముద్ర ఉండదు. తగ్గుతుంది, హెచ్చుతుంది. పది చోట్ల పది ముద్రలు తీసుకున్నాను. ప్రతిసారీ ఆ గడిలో టిక్ పెట్టి పారేసేది విన్నాను. వానలో కలిసి ఆమె గొంతులోని సన్నని జీర కూడా పోతుంటే వెనక్కి లాక్కున్నాను. కొంచెం వాన ఉన్నా పర్లేదు, గొంతు మిగలాలి. మధ్యాహ్నం కరెంటు పోతే యూపీఎస్ కీచుమనేది, అది ఆగేలోపు చేసినంతవరకూ సేవ్ చేసుకునేవాణ్ణి. తారీకులు చూసుకుంటూ, తిండి మీద ధ్యాస లేకుండా చేశాను. నాలుగో రోజుకు ఆమె వచ్చి నా గదిలో కూర్చుని పాడుతున్నట్టు అనిపించింది.

మిగిలింది నా అరుపు. నిజం చెప్పాలంటే దాని మీద నేను అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాను. పాత టూల్‌లో శబ్దాన్ని బొమ్మలా చూపించే కిటికీ ఉంటుంది. మనిషి గొంతు చారలుగా కనబడుతుంది. ఆమె చారల మీద నా చారలు అడ్డంగా పడి ఉన్నాయి. ఒక్కొక్కటే చెరిపాను. చివరి మాటను మెల్లగా తగ్గించి, పాట సహజంగా ముగిసినట్టు చేశాను. విన్నవాడెవడూ అక్కడ ఒకడు అరిచాడని కనిపెట్టలేడు. నాలుగు చరణాల పాట అనుకుంటారు. నా చేతి పని మీద నాకే ముచ్చటేసింది. గడువుకు రెండు రోజులుండగా ల్యాప్‌టాప్ తీసుకుని శెట్టిగారి ఇంటికి వెళ్ళాను.

పద్మమ్మగారు నడవలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. చిక్కిపోయారు, కళ్ళు మాత్రం అవే. నందిని ఆమె పక్కన కింద కూర్చుంది. నేను పాట పెట్టాను. మొదటి చరణానికి పెద్దావిడ చెయ్యి దానంతటదే కుర్చీ చేతి మీద తాళం వేయడం మొదలుపెట్టింది. ముక్కు దగ్గర నవ్వారు. చెవి దగ్గర నందిని ఏడ్చింది. నాకూ కళ్ళు తడయ్యాయి, దాచుకోలేదు. నాలుగో చరణం మెల్లగా తగ్గి ఆగిపోయింది.

ఆమె చెయ్యి ఆగలేదు. ఇంకో రెండు దెబ్బలు వేసి, నా వైపు చూసి, పలక తీసుకున్నారు. మా పక్క చాలామంది పెద్దవాళ్ళలాగే ఆమె తెలుగు మాటలను కన్నడ అక్షరాల్లో రాస్తారు. రాసి నాకు తిప్పి చూపించారు.

"నీ గొంతు యాడ?"

నాకు అర్థం కానట్టు మొహం పెట్టాను. ఏం గొంతమ్మా అన్నాను. ఆమె పలక తుడిచి, తొందర లేకుండా రాశారు. నందిని చదివింది.

"ఈడ నువ్వు అరిచింటావు. అరిస్తేనే కదప్పా నేను నిలిపింది."

అప్పుడు చెప్పక తప్పలేదు. నిజమేనమ్మా, నేనే, ప్రతి పెళ్ళిలోనూ నేనే ఆపించాను, అది వినడానికి బాగుండదని తీసేశాను అని చెప్పాను. ఐదో చరణం ఎక్కడా లేదని కూడా చెప్పాను. నందిని మొహం చిన్నబోయింది, అయినా నా తరఫునే మాట్లాడింది. అది లేకపోతేనే బాగుంది లే అవ్వా, ఇట్లే పెడదాం అంది. పద్మమ్మగారు తల అడ్డంగా ఊపారు. ఈసారి పలక నిండా రాసి, నందినికి ఇవ్వకుండా నా చేతికే ఇచ్చారు.

"నీ అరుపు తీసేస్తే నేను మరిచిపోయి నిలిపినట్టు ఉంటాది. నేను ఏ పాటా మరిచిపోలేదు."

కోపంగా రాసిన రాత కాదు. చుక్కలు, గీతలు అన్నీ నీటుగా పెట్టి రాశారు. నేను తలెత్తి ఆమెను చూడలేకపోయాను. ఇన్ని రోజులుగా నేను కాపాడుతున్నది ఆమె పాటను అనుకున్నాను. సగం నా పరువును కాపాడుకుంటున్నానని ఆ పలక చూశాకే తెలిసింది. నా తప్పును శుభ్రంగా తుడిచి, ఆ మరకను తీసుకెళ్ళి ఆమెకు అంటించాను.

ఇంటికి పోకుండా నేరుగా గదికి వచ్చాను. చెరిపిన నా గొంతును ఒక్కొక్క చారగా వెనక్కి తెచ్చాను. తగ్గించిన చివరి మాటను మళ్ళీ పెంచాను. వానను తీసి, నా అరుపును మాత్రం మిగిల్చాను. జీవితంలో మొదటిసారి ఒక చెత్త శబ్దాన్ని స్పష్టంగా వినిపించేలా చేశాను. ఆ మరునాటి మరునాడు కంప్యూటర్ పెట్టగానే కొత్త వెర్షన్ వచ్చి కూర్చుంది. పాత టూల్ బొమ్మ ఉండే చోట ఖాళీ. పని అయిపోయింది కాబట్టి పెద్ద బాధ ఉండదనుకున్నాను. ఉండింది.

నలుగు రోజు పొద్దున పది గంటలకు శెట్టిగారి ఇంటి పెద్ద గదిలో పీటలు వేశారు. పెళ్ళికొడుకు వాళ్ళు టేకల్ నుంచి వచ్చారు. పద్మమ్మగారిని ఎప్పటిలాగే పీటలకు ఎడమ పక్కన కూర్చోబెట్టారు. స్పీకరు ఆమె వెనకే పెట్టాను. పాట మొదలవగానే గదిలో మాటలు ఆగిపోయాయి. ఆమె గొంతు పోయిందని తెలిసినవాళ్ళు ఒకసారి ఆమె మొహం చూశారు, ఒకసారి స్పీకరును చూశారు. ముక్కు, చెవి దాటేసరికి పెళ్ళికొడుకు తల్లి కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నందినికి రెండు చెంపలూ పసుపు అయింది. నాలుగో చరణం చివరి మాట మీద నా గొంతు పెద్దగా అరిచింది.

"అమ్మా, పాట నిలిపేయండమ్మా. పసుపు ఎండిపోతా ఉండాది."

గది గదంతా గొల్లుమని నవ్వింది. కెమెరా వెనక నేను నిలబడి ఉన్నాను, అందరూ నన్నే చూశారు. నవ్వడానికి నాకు మొహం చెల్లలేదు. నవ్వులు సద్దుమణిగాయి. స్పీకర్లో ఇంకేమీ లేదు. ఎవరో సినిమా పాట పెట్టమని అనబోయారు.

అప్పుడు పద్మమ్మగారు ఎదురుగా ఉన్న ఇత్తడి పళ్ళెం ఒడిలోకి తీసుకున్నారు. వేళ్ళతో తాళం మొదలుపెట్టారు. ఇంతవరకూ ఉన్న తాళం కాదు, నిదానమైన తాళం. పెదవులు కదులుతున్నాయి. గొంతు లేదు, మెడ దగ్గర తెల్లగుడ్డ మాత్రం ఊపిరికి లోపలికీ బయటికీ ఆడుతోంది. ఆ ఐదో చరణం మాటలు తెలిసింది నందినికి ఒక్కదానికే. ఆ పిల్ల తల ఎత్తి అవ్వ పెదవుల వైపే చూస్తూ కూర్చుంది. కెమెరా వైపు తిరగలేదు. నందిని చెంపల మీద పసుపు అంచుల నుంచి ఆరడం మొదలైంది. నేను కెమెరాలోంచి చూస్తూనే ఉన్నాను. అలవాటు చొప్పున నా నోరు తెరుచుకుంది. మూసుకున్నాను. పసుపు బీటలు వారింది. కళ్ళ నీళ్ళు దిగిన చోట రెండు చారలు మాత్రం తడిగా ఉన్నాయి. చరణం మొత్తం అయ్యేదాకా తాళం నడిచింది. అయ్యాక పద్మమ్మగారు పళ్ళెం కింద పెట్టి, నా వైపు చూసి, ఇక తీసుకో అన్నట్టు చెయ్యి ఊపారు.

ఆ వీడియోలో నలుగు మీద నేను ఏ సినిమా పాటా వేయలేదు. నా అనుభవంలో అదే మొదటిసారి. ఎడిటింగ్ చేస్తున్నప్పుడు, ఎలా ఉంటుందో చూద్దామని ఆ చివరి ముక్క మీద కొత్త టూల్ బటన్ ఒకసారి నొక్కాను. పళ్ళెం మీద తాళం పోయింది, గాజుల చప్పుడు పోయింది, నందిని ముక్కు ఎగబీల్చిన శబ్దం పోయింది. తెర మీద ఒక సాఫీ గీత మిగిలింది. శుభ్రం అయింది అని పక్కన ఆకుపచ్చ గుర్తు చూపించింది. దాన్ని సేవ్ చేయకుండా మూసేసి, ఉన్నది ఉన్నట్టుగా ఇచ్చాను.

కంపెనీ మీద నా కోపం పోలేదు, ఆ గడిని తీసేసినందుకు ఇప్పటికీ తిడతాను. కానీ ఆ గడి నా చేతిలో ఉన్న ఇన్నేళ్ళూ నేను విన్నది జనరేటర్లనూ మిక్సీలనే. కెమెరా పట్టుకుని ఒక మాటతో నేను పారేసిందాన్ని వినిపించే గడి ఏ టూల్‌లోనూ లేదు. ఇప్పుడు ఎవరింట్లో నలుగుకు వెళ్ళినా, కెమెరా ఆన్ చేయకముందే అక్కడి పెద్దవాళ్ళను అడుగుతాను, పాటకు ఎన్ని చరణాలు ఉండాయమ్మా అని. పాడేవాళ్ళు ఎవరూ లేరప్పా, నువ్వే ఏదన్నా ఏసేయి అంటారు.